రెండద్దాల కిటికీ, ఇద్దరు తోడికోడళ్ళు

ఆ ఇద్దరు తోడికోడళ్ళకూ మాటల్లేక మూడేళ్ళయింది. మొదటి పది రోజులు తీసేస్తే ఈ మూడేళ్ళలో వాళ్ళు మాట్లాడుకోని రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అదెలాగో చెప్పాలంటే ముందు ఇళ్ళ సంగతి చెప్పాలి. అన్నదమ్ములిద్దరూ నాలుగడుగుల సందు వదిలి పక్కపక్కన ఇళ్ళు కట్టుకున్నారు. సందుకి ఇవతల చిన్నకోడలి వంటిల్లు. అందులో గిన్నెలు తోముకునే సింకు, దాని పైన చట్రంలో బిగించేసిన రెండద్దాల కిటికీ. అది తెరుచుకునే రకం కాదు, వెలుతురు కోసం పెట్టింది. సందుకి అవతల పెద్దకోడలి వెనక వసారా. అక్కడ పిట్టగోడ మీద కుండీలో ఒక మొక్క ఉంది. అదేం మొక్కో ఎవరికీ తెలియదు. పూయదు, కాయదు, అలాగని ఎండిపోనూ పోదు.

గొడవ ఒక గిన్నె దగ్గర మొదలైంది. చిన్నకోడలు తన పెద్ద గిన్నె ఎరువిచ్చింది. తిరిగొచ్చేసరికి దానికి సొట్ట ఉంది. ఇచ్చినప్పుడు లేదని ఈవిడ, తెచ్చుకున్నప్పుడే ఉందని ఆవిడ. మాటకి మాట పెరిగింది. ఎంత పెరిగినా చివరికి ఇద్దరూ ఒక్క విషయంలో మాత్రం ఏకమయ్యారు. ఇకమీదట ఎవరు ముందు పలకరిస్తే తప్పు వాళ్ళదని ఒప్పుకున్నట్టే. అంతటితో మూతులు బిగిశాయి. అన్నదమ్ములు మాత్రం పొద్దున్నే కలిసి నడకకి వెళ్ళి, కలిసి టీ తాగి, వీధి మలుపు తిరగ్గానే ఒకరినొకరు ఎరగనట్టు మొహాలు పెట్టుకుని ఎవరింట్లోకి వాళ్ళు దూరేవారు. ఎవరి ప్రాణం వాళ్ళకి తీపి కదా.

పదకొండో రోజున చిన్నకోడలి మొగుడు ఆ కిటికీ పైన కర్టెన్ కోసం మేకు కొట్టబోయాడు. ఈయన ఏ పని చేసినా దాని వెనకాల ఇంకో పని పుట్టడం ఆ ఇంట్లో మామూలే. సుత్తి తలకాయ పిడి లోంచి ఊడి, రెండద్దాల్నీ దాటుకుని వెళ్ళి, అవతల వసారాలో పడింది. లోపలి అద్దం సగం రాలిపోయింది. బయటి అద్దానికి నిమ్మకాయంత కన్నం, దాని చుట్టూ బీటలు. మొగుడు పిడి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అప్పుడు ఆ కన్నంలోంచి పెద్దకోడలి గొంతు వినిపించింది. ఆవిడ ఇటు చూడటం లేదు. మొక్కతో మాట్లాడుతోంది.

"చూశావుటే మొక్కా? నోరు చాలక ఇప్పుడు సుత్తులు విసురుతున్నారు కొంతమంది."

చిన్నకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. పలకరించినట్టవుతుందని ఆగింది. ఆగడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు. సింకులో ఉన్న గిన్నె ఒకటి చేతిలోకి తీసుకుని, దాని మొహం చూస్తూ అంది.

"మేం విసిరితే గురి తప్పదులే గిన్నే. ఇది దానంతటదే ఊడింది."

అవతల మొక్క ఏమీ అనలేదు. కానీ మర్నాడు పొద్దున్న అదే వేళకి ఆవిడ వసారాలోకి వచ్చింది, ఈవిడ సింకు దగ్గరికి వచ్చింది.

అలా మొదలైంది. దానికి ఎవరూ చెప్పకుండానే కొన్ని పద్ధతులు ఏర్పడ్డాయి. ఎదుటి మనిషి మొహం చూడకూడదు. నువ్వు అనకూడదు. కొంతమంది, ఒకావిడ, ఎవరో అనాలి. ఇవి తప్ప ఏమైనా అనుకోవచ్చు. తిట్లతో మొదలైన మాటలు నెల తిరిగేసరికి అక్కడ ఆగలేదు. "కూరలో ఉప్పెక్కువైతే ఒక బంగాళదుంప ముక్క వేస్తే పోతుందే మొక్కా, ఊరికే నీళ్ళు పోసి చంపుతారెందుకో" అని ఆవిడ అనేది. ఈవిడ కిక్కురుమనకుండా బంగాళదుంప కోసేది. "ఆ మోకాలి నొప్పికి పట్టీ వేసుకోకుండా మెట్లెక్కితే ఎవరు పడతారు గిన్నే" అని ఈవిడ అనేది. మర్నాడు ఆవిడ మోకాలికి పట్టీ ఉండేది. చిన్నకోడలు జ్వరంతో రెండు రోజులు సింకు దగ్గరికి రాకపోతే, మూడో రోజు మొక్క ఏ మాత్ర ఎన్ని పూటలు వేసుకోవాలో చాలా గట్టిగా చెప్పించుకుంది.

నిజం చెప్పాలంటే చిన్నకోడలికి ఆ ఊళ్ళో అంతకంటే దగ్గరి మనిషి లేదు. మొగుడు మంచివాడే, కాకపోతే ఏ మాటకైనా ఊఁ అంటాడు. ఏదైనా జరిగితే, మొక్క చెవిన పడేదాకా ఆవిడకి జరిగినట్టే ఉండదు. ఈ సంగతి ఒప్పుకోమంటే మాత్రం తల తీసినా ఒప్పుకోదు.

వానొస్తే ఆ కన్నానికి అట్టముక్క అడ్డం పెట్టేవారు. వాన తగ్గగానే ఈవిడే తీసేసేది. గాలాడాలనేది.

మూడేళ్ళ తరవాత పెద్దకోడలు ఇంటికి రంగులు వేయించుకుంది. ఆ ఉత్సాహంలో ఉంది కాబట్టి మొక్కతో ఒక మాట ఎక్కువ అనేసింది.

"ఇల్లంటే ఇలా ఉండాలే. కొంతమంది మూడేళ్ళుగా అట్టముక్క అడ్డం పెట్టుకుని బతుకుతున్నారు. అద్దం వేయించే దిక్కు లేదు పాపం."

దిక్కు లేదన్నది పరవాలేదు. ఆ పాపం అన్న మాట తగలరాని చోట తగిలింది. చిన్నకోడలు తోముతున్న గిన్నె కింద పెట్టి, ఇంకో పెద్ద గిన్నె తీసుకుంది.

"రేపే మేస్త్రీని పిలిపిస్తున్నానే గిన్నే. మామూలు అద్దం కాదు. మంచి డబుల్ గ్లాస్. అవతల చీమ చిటుక్కుమన్నా వినపడకూడదు. ఈ ఇంటికి ప్రశాంతత కావాలి."

 అవతల నుంచి, "వేయించుకోనీవే మొక్కా, మనకీ ప్రశాంతతే" అని వినిపించింది. గొంతు కొంచెం తగ్గినట్టు అనిపించింది కానీ, గెలిచిన ఊపులో ఉన్న చిన్నకోడలు అది పట్టించుకోలేదు. మూడేళ్ళుగా సుత్తి సంగతి నెత్తిన మోస్తున్న మొగుడు ఆ మాట వినడంతోనే చెప్పులేసుకుని బయల్దేరాడు. ఆ మనిషి అంత చురుగ్గా కదలడం పెళ్ళయ్యాక ఆవిడ చూడటం అదే మొదటిసారి.

మర్నాడు అద్దాల మేస్త్రీ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చెవి మీద పెన్సిలుతో ఉన్నాడు. ఎవరైనా సలహా ఇస్తే సహించని మనిషి. సింకు పక్క గట్టు మీద మోకాళ్ళేసుకుని, వెడల్పు పైన ఒకసారి, మధ్యన ఒకసారి, కింద ఒకసారి కొలిచాడు. ఎత్తూ అలాగే మూడు చోట్ల. తరవాత మూల నుంచి మూలకి రెండు వైపులా. అన్నిట్లోకీ తక్కువ వచ్చిన కొలత అరచేతిలో రాసుకున్నాడు.

"దీన్లోంచి ఇంకో అయిదు మిల్లీమీటర్లు తగ్గించి చేయిస్తానమ్మా. ఎండకి అద్దం సాగుతుంది, చోటుండాలి. రెండద్దాల మధ్య పట్టీ పెట్టి, చుట్టూ సీలు వేసి ఫ్యాక్టరీలోనే తయారై వస్తుంది. ఒకసారి వచ్చాక కోయడానికుండదు, చెక్కడానికుండదు."

అంతలో అవతల వసారాలో అలికిడైంది. కిటికీ నిండా మేస్త్రీ ఉన్నాడు. మొక్కకంటే మనిషి నయమనుకుందో ఏమో, పెద్దకోడలు నేరుగా ఆయన్నే పట్టుకుంది.

"మేస్త్రీగారూ, అద్దం బాగా మందంగా వేయండి. లోపలి అరుపులకి మా మొక్క బెదురుతోంది."

మేస్త్రీ టేపు పట్టుకుని అటు తిరిగాడు. ఇటునుంచి చిన్నకోడలు అందుకుంది.

"మేస్త్రీగారూ, ఎవరి అరుపులో వీధిలో అడగండి. మా గిన్నెలు వినీ వినీ సొట్టలు పడ్డాయి."

"గిన్నెల సొట్టలు ఎప్పటివో నన్నడగమనండి మేస్త్రీగారూ, నేను చెబుతాను."

"అడగక్కర్లేదని చెప్పండి మేస్త్రీగారూ."

పాపం ఆయన మెడ అటూ ఇటూ తిప్పీ తిప్పీ అలిసిపోయాడు. చివరికి టేపు జేబులో పెట్టుకుని, "అమ్మా, నేను కిటికీలు బాగుచేసేవాణ్ణి. పది రోజుల్లో వస్తాను" అని గట్టు దిగి వెళ్ళిపోయాడు. ఆయన వెనకాలే అవతల ఒక నవ్వు వినిపించింది, ఇవతలా ఒకటి తన్నుకొచ్చింది. చిన్నకోడలు దాన్ని కొంగులో దాచుకుంది.

ఆ పది రోజులూ మొక్కా గిన్నే ఎన్నడూ లేనన్ని కబుర్లు చెప్పుకున్నాయి. పాత సంగతులన్నీ తవ్వుకున్నారు. ఆవిడ కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో అత్తగారు పెట్టిన తంటాలు, ఈవిడ వచ్చాక ఇద్దరూ కలిసి అత్తగారికి పెట్టిన తంటాలు, అన్నీ కొంతమందికి జరిగినట్టే చెప్పుకుని నవ్వుకున్నారు. రోజు గడిచేకొద్దీ చిన్నకోడలికి ఎటూ పాలుపోలేదు. అద్దం వద్దని అందామంటే అవతల పరువు పోతుంది. అనకపోతే ఈ మాటలు పోతాయి. తొమ్మిదో రోజున మొగుడు లేని వేళ చూసి మేస్త్రీకి ఫోన్ చేసింది.

"మేస్త్రీగారూ, ఆ అద్దంలో ఒక చిన్న కన్నం పెట్టించడానికి వీలవుతుందా?"



"కన్నమా అమ్మా?"

"గాలికి. ఎంతో అక్కర్లేదు, నిమ్మకాయంత."

"అమ్మా, గాలి చొరబడకుండా ఉండటానికే కదా సీలు వేసేది. కన్నం పెడితే వారం తిరక్కుండా మధ్యలో తేమ చేరి అద్దమంతా మసకబారుతుంది. ముప్పయ్యేళ్ళలో నన్నీ మాట అడిగినవాళ్ళు లేరు." ఆయన నిజంగా నొచ్చుకున్నాడు. ఆవిడ ఊరికే అడిగానని చెప్పి పెట్టేసింది.

పదో రోజు అన్న మాట ప్రకారం వచ్చాడు. అంచుల వెంట బిగించిన పట్టీలని పల్చటి బద్దతో ఊడబెరికాడు. చేతులకి మందపాటి తొడుగులు వేసుకుని పాత అద్దం ముక్కలన్నీ తీసి బకెట్లో వేశాడు. చట్రానికి అంటుకున్న పాత జిగురు గీకి, అడుగున చిన్న ప్లాస్టిక్ బిళ్ళలు పెట్టాడు. కొత్త అద్దాన్ని, దానికి అతుక్కునే రబ్బరు కప్పులతో పట్టుకుని ఎత్తి, ముందు కింది అంచు, తరవాత పై అంచు కూర్చోబెట్టాడు. పట్టీలు మళ్ళీ పెట్టి రబ్బరు సుత్తితో తట్టాడు. ఆ సుత్తి చూసి మొగుడు హాల్లోకి జారుకున్నాడు. ఆఖరి పట్టీ ఠక్కున బిగిసినప్పుడు వీధి చప్పుడు సగంలో ఆగిపోయింది. అద్దం అంత తేటగా ఉంది, అక్కడ ఏమీ లేదనిపించేలా. అవతల వసారా, పిట్టగోడ, మొక్క ఒక్కో ఆకుతో సహా కనిపిస్తున్నాయి.

పెద్దకోడలు వచ్చింది. మొక్క వైపు తిరిగి ఏదో అంది. పెదవులు కదిలాయి. అంతే.

చిన్నకోడలు గిన్నె పట్టుకుని నిలబడింది. ఏం జవాబివ్వాలో తెలియలేదు. తిట్టిందో, బాగుందందో తెలిస్తే కదా. ఏదైతేనేం అని, "బాగా కుదిరిందే గిన్నే" అంది. తన గొంతు తనకే పెద్దగా వినిపించింది. అవతల ఆవిడ తలైనా తిప్పలేదు.

రెండో రోజు పెద్దకోడలు ఇంకా ఎక్కువసేపు మాట్లాడింది. చేతులు తిప్పుతూ, కళ్ళు పెద్దవి చేస్తూ చెప్పింది. ఏదో జరిగింది, జరిగింది చిన్నది కాదు. చిన్నకోడలు స్టీలు గ్లాసు అద్దానికి ఆనించి చెవి పెట్టింది. తన చెవిలోని హోరు తప్ప ఇంకేమీ లేదు. మంచినీళ్ళ కోసం వచ్చిన మొగుడు గుమ్మంలో ఆగాడు.

"ఏం చేస్తున్నావ్?"

"గ్లాసుకి చిల్లుందేమో చూస్తున్నాను. మీ నడక సంగతి నాకు తెలియదనుకోకండి. పొద్దున్న మీ అన్నయ్యని అడగండి, వాళ్ళింట్లో ఏమిటి విశేషమని."

ఆయన అడిగొచ్చాడు. "అంతా బాగానే ఉందన్నాడు" అన్నాడు. అన్నదమ్ములు మూడేళ్ళుగా రోజూ గంటసేపు ఏం మాట్లాడుకుంటున్నారో ఆవిడకి ఆ క్షణంలో తెలిసిపోయింది. ఏమీ మాట్లాడుకోవడం లేదు.

మూడో రోజు ఆవిడ వచ్చినట్టూ, నోరు తెరిచినట్టూ కనపడగానే స్టవ్ మీద పాలు పొంగాయి. చిన్నకోడలు పరిగెత్తి, స్టవ్ తుడిచి తిరిగొచ్చేసరికి వసారా ఖాళీ. నాలుగో రోజు ఆవిడ మెడకి గుడ్డ చుట్టుకుని వచ్చింది. మొక్కకి నీళ్ళు పోసింది. పెదవులు కదల్లేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, కిటికీ వైపు చూసింది. చూడకూడదన్న పద్ధతి మూడేళ్ళలో ఎవరూ ఇలా బాహాటంగా తప్పలేదు. చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆ చూపుతో చిన్నకోడలి ప్రాణం ఉసూరుమంది. ఒంట్లో బాగోలేదా, మనసులో బాగోలేదా? తన వల్లేనా? గొప్పకి పోయి చేతులారా ఇంత గట్టి గోడ కట్టించుకుంది. నాలుగు రోజులుగా తన ఇంట్లో ఏం జరిగిందో తనకే గుర్తు లేదు. ఎవరికీ చెప్పుకోలేదు మరి. తోముతున్న గిన్నె వైపు చూసింది. గిన్నెతో మాట్లాడటం ఎంత తెలివితక్కువ పనో మొదటిసారి తెలిసింది. తడి చేతులు చీరకి తుడుచుకుని బయటికి నడిచింది.

వీధిలోంచి చుట్టు తిరిగి ఆ గుమ్మానికి పదకొండు అడుగులు. నడుస్తూనే మాట సిద్ధం చేసుకుంది. ఆవిడతో కాదు, తలుపుతో మాట్లాడాలి. ఎవరికో గొంతు బాగోలేనట్టుందే తలుపూ, అనాలి. అలా అంటే పలకరించినట్టు కాదు. మూడేళ్ళ పట్టుదల ఎక్కడికీ పోదు. రెండుసార్లు అనుకుని చూసుకుంది. బాగానే కుదిరింది.

తలుపు తెరుచుకుంది. మెడకి గుడ్డ, చేతిలో ఉప్పునీళ్ళ గ్లాసు, కళ్ళ కింద నలుపు. చిన్నకోడలు తలుపునీ చూడలేదు, గుమ్మాన్నీ చూడలేదు.

"గొంతుకేమైందక్కా?" అంది.

అన్నాక గానీ ఏమందో తెలియలేదు. మూడేళ్ళ పందెం ఓడిపోయింది. ఎందుకో ఆ బాధ రావాల్సినంత రాలేదు.

పెద్దకోడలు గ్లాసు కింద పెట్టింది. మాట్లాడబోతే గాలి తప్ప గొంతు లేదు.

"అరిచానే," అంది గుసగుసగా. "మూడు రోజులు. అంత గట్టిగా ఎన్నడూ అరవలేదు. నీ కిటికీ పాడుగాను."

"ఎందుకరిచావు?"

"వినపడదేమోనని. మొదటి రోజు నిన్ను తిట్టాను. జవాబు రాలేదు. రెండో రోజు మా పైవాటా ఆవిడ మొగుణ్ణి బయట పెట్టి తాళం వేసిన సంగతి మొత్తం చెప్పాను. అంత మంచి కబురు చెప్పినా నువ్వు కదల్లేదు. కోపమొచ్చిందనుకున్నాను." ఆగి, గుటక మింగింది. "మూడో రోజు నిన్ను పేరు పెట్టి పిలిచాను. మూడుసార్లు. నువ్వు నా మొహం మీదే వెనక్కి తిరిగి వెళ్ళిపోయావు."

 స్టవ్, పాలు, తుడిచిన గుడ్డ అన్నీ చిన్నకోడలి కళ్ళ ముందుకొచ్చాయి. అక్క తన పేరు పిలిచింది. మూడేళ్ళుగా ఎదురుచూసిన పిలుపు వచ్చింది, వచ్చిన సంగతి కూడా తెలియకుండా పోయింది. ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుపు మధ్యలో ఇంకో సంగతి తట్టింది. కళ్ళు తుడుచుకుంది.

"అయితే ముందు పలకరించింది నువ్వే."

"ఎవరు విన్నారు?"

"నువ్వే ఇప్పుడు చెప్పావు కదా, మూడుసార్లని."

"వినపడని పిలుపు లెక్కలోకి రాదు," అంది పెద్దకోడలు, ఉన్న కాస్త గొంతూ కూడదీసుకుని. "గుమ్మంలోకొచ్చి అక్కా అన్నావు, అది నేను విన్నాను."

"నేను గొంతు గురించి అడిగాను. అది పలకరింపు కాదు, పరామర్శ."

"పరామర్శ పలకరింపు కాదని ఎవరు చెప్పారే నీకు?"

"నువ్వు మాట్లాడకు, గొంతు పోతుంది. నేనే మాట్లాడతాను" అని చిన్నకోడలు గ్లాసు తీసుకుని లోపలికి నడిచింది. ఉప్పునీళ్ళు చల్లారిపోయాయి. వెచ్చబెట్టడానికి గిన్నె కోసం వెతుకుతూ, పైవాటా ఆవిడ తాళం ఎందుకు వేసిందో మొదటినుంచి చెప్పమంది.